అప్పగింతల ఫైలు

మిర్యాలగూడలోని కంప్యూటర్ రిపేరు షాపులో, తన పెళ్లి వీడియోలున్న హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే ఆమె దాని ఎదురుగానే కూర్చుంది. షాపతను చెవి ఆనించి విని, తల అడ్డంగా ఊపాడు.

“అక్కా, ఇది ఎక్కువసేపు నడవదు. ఏ ఫైలు ముందు తియ్యాల్నో చెప్పు.”

“అప్పగింతలు.”

“అందరు తలంబ్రాలు అడుగుతరు.”

“తలంబ్రాలల్ల ఏమున్నది తమ్మీ, బియ్యమే గదా. అప్పగింతలప్పుడు మీ బావ ఏడ్సిండు.”

“నువ్వు గాదా?”

“నేను కార్ల కిటికీ సీటు ఎటుందో సూస్తున్న. మా అమ్మ నా చెయ్యి ఆయన చేతుల పెట్టంగనే వెక్కివెక్కి ఏడ్సిండు. పన్నెండేండ్ల సంది తను ఏడ్వనే లేదని, నేనే ఏడ్సిన్నని చెప్పుకుంట తిరుగుతుండు. ఎల్లుండి మా మరిది పెళ్లి, గాడ గూడ చెప్తడు. సాక్ష్యం కావాలె నాకు.”

కాపీ సగం దాకా వెళ్లి ఆగిపోయింది. అతను మూడుసార్లు ప్రయత్నించాడు.

“తలంబ్రాలు, భోజనాలు అన్నీ వస్తున్నయ్ అక్కా. అప్పగింతలు మాత్రం ఖతం.”

ఆమె ముఖం వాడిపోయింది. అతను కాసేపు నసిగాడు.

“చెప్పొద్దన్నడు గని, పొద్దున బావ ఫోన్ చేసిండు.”

“ఏమన్నడు?”

“ఆ ఒక్క ఫైలు రాలేదని చెప్పమన్నడు. నేనైతే ఏం చెయ్యలే, అదే పోయింది.”

“నీ ఫోన్ల మాటలు రికార్డయితయా?”

“అన్నీ అయితయ్.”

“అయితే అది పంపు నాకు. వీడియో కన్నా మంచిగుంటది.”

“బావ నన్ను తిడతడు అక్కా.”

“తిట్టడు తమ్మీ. ఏడుస్తడు.”