గడియారాలాయన కప్పు

ఏమిటే, టీకొట్టులో బొమ్మలు వెయ్యడం నేర్పుతున్నారా? శనివారం శనివారమా? టీ తాగుతూనే? నవ్వొస్తోందే తల్లీ నాకు. నువ్వేదో లోకంలో ఇప్పుడే పుట్టిన సంగతిలా చెప్తున్నావు గానీ, మా మేనత్త అరవై ఏళ్ల కిందట చేసిన పనే అది. అరవయ్యా? ఉండు, నాకప్పుడు పదిహేడు. పదిహేడో, పద్దెనిమిదో. సరేలే, అరవై అనుకో. అత్త అంటే మా నాన్నకి చెల్లెలు. పెళ్లయిన మూడేళ్లకే మామయ్య పోతే మా ఇంటికొచ్చేసింది. వచ్చి నెల తిరక్కుండానే "అన్నయ్యా, ఊరికే కూర్చుని తినలేను, నాకో కొట్టు చూడు" అంది. వీధి మలుపులో, మెట్ల కింద గది. ముందు బల్లలు, వెనక తడిక చాటున పొయ్యి. వీధి వీధంతా టీ అత్త అనేది ఆవిణ్ణి. ఆవిడకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన వచ్చి "అత్తా, ఒక టీ" అంటే, "ఇదిగో అల్లుడూ, పళ్లు లేవుగా, బిస్కెట్టు నానబెట్టి ఇవ్వనా?" అనేది. అట్లా ఉండేది ఆవిడ నోరు. అందులో ఎవరినీ నొప్పించే మాట మాత్రం ఉండేది కాదు, దేవుడి సాక్షిగా చెప్తున్నా.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్లో ఈగలు తప్ప ఎవరూ ఉండరు కదా. ఆ రెండు గంటలూ ఎందుకు పోగొట్టుకోవాలని పాఠాలు పెట్టింది. మంగళవారం కుట్టుపని, అది ఆవిడే నేర్పేది. గురువారం గడియారాలాయన వచ్చి, ఆగిపోయిన గడియారం ఎట్లా విప్పాలి, ఎట్లా తుడవాలి, మళ్లీ ఎట్లా బిగించాలి, అది. శనివారం దేవుడి పాటలు. బుధవారం ఏముండేదబ్బా? బుధవారం చదువనుకుంటా. కాదు, చదువు సోమవారం. బుధవారం నేను ఇంట్లో ఉన్నట్టు గుర్తు. మా నాన్న ఒకటే సణుగుడు, "టీ పొయ్యవే తల్లీ అని కొట్టు పెట్టిస్తే, బడి తెరిచిందేమిటిది!" అని. సణుగుతూనే బల్లలన్నీ ఆయనే చేసిచ్చాడు. వడ్రంగి కదా. నెలకోసారి సభ కూడా ఉండేది, ఎవరు నేర్చుకున్నది వాళ్లు లేచి చూపించాలి. మొదటి సభలో ఇస్త్రీ ఆవిడ లేచింది. ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ చేసేదిలే, గొంతు ఇంతుండేది. "పెద్దలారా, సోదరులారా, సోదరీమణులారా" అంది. అంతే, మిగతాది మర్చిపోయింది. అటు చూసి, ఇటు చూసి, "మరే, టీ చల్లారిపోతోంది, తాగండి" అని కూర్చుంది. దానికే చప్పట్లు కొట్టారు జనం. ఆ తర్వాత ఆరు నెలలు ఎవరు ఏ మాట మర్చిపోయినా "మరే, టీ చల్లారిపోతోంది" అనడమే.

ఏం చెప్తున్నాను? ఆ, కప్పులు. పాఠానికి చేరేవాళ్లు ఎవరి కప్పు వాళ్లు తెచ్చుకోవాలి. గోడకి మేకులుండేవి వరసగా, మా నాన్న కొట్టినవే. నీ కప్పు తెచ్చి మేకుకి తగిలించావంటే చేరినట్టు. తీసుకుపోయావంటే మానేసినట్టు. అంతే. పేరు రాసుకోవడం, పద్దు పెట్టుకోవడం, ఏమీ లేదు. ఇంకోటి, కప్పు తీసుకుపోయినవాళ్లని ఎందుకు మానేశావని అడక్కూడదు. అత్త ఆ మాట దగ్గర మాత్రం చాలా గట్టి. "ఎవరి ఇంట్లో ఏం కష్టమొచ్చిందో మనకేం తెలుసు, అడిగితే మళ్లీ ఈ గుమ్మం తొక్కుతారా?" అనేది. అట్లాగే అత్తకి ఎవరైనా వద్దనుకో, ఆవిడా నోరు విప్పేది కాదు. ఒకాయన కుట్టు నేర్చుకునే ఆడవాళ్లని చూసి వెకిలిగా ఏదో అన్నాడు. మర్నాడు ఆయన కప్పు మేకు మీద లేదు. కడిగి, కాగితంలో చుట్టి, బయట మెట్టు మీద పెట్టింది. ఆయన చూసుకుని, కప్పు తీసుకుని పోయాడు. అక్కడ ఖాళీ మేకు అంటే అర్థం అది. మాటల్లేకుండా జరిగిపోయేది.

గడియారాలాయన సంగతేమిటంటే, గురువారం గురువే గానీ మంగళవారం శిష్యుడు. ఆడవాళ్ల మధ్య ఒక్క మగాడు, ఒళ్లో గుడ్డ పెట్టుకుని, కంటికి ఆ భూతద్దం తగిలించుకుని బొత్తాం కుడుతుండేవాడు! ఇస్త్రీ ఆవిడ ఊరుకుంటుందా? "ఏమయ్యా, ఆ బొత్తాం ఎంత తిప్పినా గంట కొట్టదు" అనేది. ఆయన తలెత్తకుండా "కొట్టేదాకా కుడతానమ్మా" అనేవాడు. మంచివాడే. నలభై ఉంటాయేమో, పెళ్లి కాలేదు. అత్తకి ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఆయన కప్పు పిడికి నీలం దారం కట్టి ఉండేది. నీలమా, ఆకుపచ్చా? నీలమే. ఆకుపచ్చది ఇస్త్రీ ఆవిడది. ఒకరోజు అత్త బట్టలు పిండుతూ పిండుతూ ఆగి, "అడిగాడే" అంది. ఎవరు, ఏమడిగారు అన్నాను నేను, మొద్దులాగా. "పెళ్లి చేసుకుందామని అడిగాడు. ఆలోచించుకోండి, గురువారం వస్తాను అన్నాడు" అంది. మరి నువ్వేం చెప్తావత్తా అంటే, నా మొహం మీద నీళ్లు చిలకరించి నవ్వింది. ఆ నవ్వు చూస్తే తెలీదూ ఏం చెప్పబోతోందో?

లేదమ్మా, జరగలేదు. ఆ గురువారం ఆయన గుమ్మం దాకా వచ్చాడట. ఇస్త్రీ ఆవిడ చూసింది. "వచ్చాడమ్మా, ఒక కాలు లోపల పెట్టాడు, గోడ వంక చూశాడు, ఏదో దెబ్బ తిన్నట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. అత్త పొయ్యి దగ్గరుంది, చూడలేదు. ఇస్త్రీ ఆవిడ కేకేస్తే బయటికొచ్చి గోడ చూసిందట. "కప్పు కూడా తీసుకుపోయాడా" అందట, అంతే. అడక్కూడదని రూలు పెట్టింది ఆవిడే కదా, ఇంక ఎవరిని పంపిస్తుంది, ఏమని పంపిస్తుంది? సోమవారానికల్లా ఆయన దుకాణం మూసేసి ఊరొదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. మా నాన్నే ఆయన్ని రావద్దన్నాడు. ఆ సంగతి మన ఇంట్లో అందరికీ తెలిసిందే, మీ అమ్మకి కూడా చెప్పాను. నాన్నకి మొదటినుంచీ ఇష్టం లేదు. "నలుగురూ ఏమనుకుంటారు" అని అనేవాడు. నేను వెళ్లి మొహం మీదే అడిగాను, నువ్వే కదా రావద్దన్నావు అని. కాసేపు నా వంకే చూసి, "అవును, నేనే అన్నాను" అన్నాడు. ఆ తర్వాత నేను నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టేదాన్ని, నీళ్లు ఇచ్చేదాన్ని, మాట మాత్రం లేదు. నా పెళ్లిలో కూడా. పదకొండేళ్లు, ఆయన పోయేదాకా.

అత్త పాఠాలు ఆపలేదులే. మంగళవారం మంగళవారమే, గురువారం గడియారాల బదులు ఉత్తరాలు రాయడం పెట్టింది. కొట్టు కూడా తళతళలాడేది, అప్పుడే సున్నం కొట్టాం కదా. నేనే కొట్టాను. చేతులు పొక్కిపోయాయి, ఇదిగో ఇక్కడ, ఈ మచ్చ అదే. కప్పులన్నీ దింపి, బల్ల మీద వరసగా పెట్టి, గోడ పూర్తయ్యాక మళ్లీ ఎవరి మేకుకి వాళ్లది తగిలించాను. అందులోనే ఒకటి చేయి జారి పిడి విరిగింది. ఆయనదే, నీలం దారందే. ఆయన వెళ్లిపోయాక కదా సున్నం కొట్టింది, పాత కప్పు, పోతే పోయిందిలే అని... కాదు. పోతే పోయిందని అనుకోలేదే నేను. భయపడ్డాను. అత్తకి చెప్పలేదు. కొంగులో దాచుకుని ఇంటికి తెచ్చాను, గురువారంలోగా అతికించి పెట్టెయ్యాలని. అవును, గురువారంలోగా అనే అనుకున్నాను. వెళ్లిపోయినవాడి కప్పుకి గురువారం తొందరేమిటి నాకు?

ఉండవే, ఉండు, మధ్యలో మాట్లాడకు. నాకు వరస తప్పుతోంది. అసలు సున్నం కొట్టమన్నది ఎందుకు? అత్త వచ్చి అంది, "గోడలు పొగచూరి అసహ్యంగా ఉన్నాయే, గురువారానికి తెల్లగా ఉండాలి" అని. బట్టలు పిండిన మర్నాడే అంది. మరి ఆయన రాబోతున్నాడనే కదా తెల్లగా ఉండాలంది? అంటే సున్నం ముందు. బుధవారం సాయంత్రం కప్పులు తగిలించాను. అన్నీ తగిలించాను, ఒక్క మేకు ఖాళీగా వదిలి. రేపు పొద్దున్నే తెచ్చి పెట్టేస్తాలే, ఎవరికీ తెలీదు అనుకున్నాను. అవును, బుధవారం పాఠం ఏదీ లేదు, అందుకే సున్నం ఆ రోజు కొట్టాం. గురువారం పొద్దున్న అడిగితే కప్పు ఇంకా ఆరలేదు, ఇవాళ ముట్టుకోవద్దన్నాడు. నాన్న. నాన్నే అతికించాడు. బల్లలకి వాడే జిగురు పెట్టి, దారంతో బిగించి కట్టి, కిటికీలో పెట్టాడు. మంచం మీదనుంచే. ఎందుకంటే లేవలేడు కదా. పైకప్పు దూలం ఎక్కించబోయి పడ్డాడు, కాలికి ఇక్కడినుంచి ఇక్కడిదాకా కట్టు, నెలరోజులు మంచంలోనే. అందుకే సున్నం నేను కొట్టాల్సి వచ్చింది, లేకపోతే ఎప్పుడూ ఆయనే కొట్టేవాడు. పక్క గదిలోకి వెళ్లాలన్నా నేను భుజం పట్టాలి. గురువారం మధ్యాహ్నం కూడా నేను పక్కనే ఉన్నాను, విసనకర్రతో విసురుతూ.

మరి రావద్దని ఎప్పుడు చెప్పాడే?

గడియారాలాయన మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మంచం మీదున్న మనిషి కొట్టు దాకా ఎట్లా వెళ్తాడు? నేను వెళ్లి నాన్నని నిలదీసినరోజు, కట్టు ఉందా కాలికి? ఉంది. కట్టు మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. కిటికీలో కప్పు కూడా ఉంది, ఇంకా దారం విప్పలేదు. ఆయన ముందు కప్పు వంక చూశాడు. ఆ తర్వాత నా వంక. ఆ తర్వాతే అన్నాడు, "అవును, నేనే అన్నాను" అని. ఇస్త్రీ ఆవిడ గోడ గురించి చెప్పిందంతా అప్పటికే ఆయన చెవిన పడింది. పక్కన కూర్చుని చెప్పి వెళ్లింది కదా ఆవిడ. నేనూ విన్నాను. ఇద్దరం ఒకే మాట విన్నాం. ఆయనకి అర్థమైంది. తర్వాత ఆ కప్పు తీసుకెళ్లి, "విరిగితే దాచానత్తా, అతికించి తెచ్చాను" అని చేతికిచ్చాను. అత్త కుర్చీలో కూర్చుండిపోయింది. చాలాసేపు ఆ కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ నాన్న బాగా అతికించాడే" అంది. అదే అంది. మేకుకి తగిలించింది. ఆ రోజు సాయంత్రమే ఇంటికొచ్చి నాన్న గదిలో కూర్చుని తలుపేసుకుంది. నా మీద చాడీలు చెప్పుకుంటున్నారని, ఇద్దరి మీదా కోపమొచ్చింది నాకు. నాకేనే కోపం!

వాళ్లిద్దరికీ తెలుసు. పదిహేడేళ్ల పిల్లకి చెప్పకూడదనుకున్నారు. అంతేనంటావా? లేకపోతే నేనే ఇప్పుడు వరస తప్పుగా పేరుస్తున్నానా? నా వయసులో ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతుంటాయి. కట్టు ఆ ఏడాదిది కాదేమో. కాదేమోనే. ఆ ఏడాదిదే. కర్ర ఊతంతో వచ్చి నన్ను అత్తవారింటి బండి ఎక్కించాడు, ఆ ఏడాది చివర. "వెళ్లొస్తానని ఒక్కమాట చెప్పవే" అన్నాడు. చెప్పలేదు.

సరే, నువ్వు లే. నా ప్రార్థన వేళయింది. తలుపు దగ్గరికి వేసి వెళ్లు. అన్నానికి పిలవకండి, ఇవాళ నాకు కొంచెం ఎక్కువసేపు పడుతుంది.