ఫోర్కు మీద మూడు చుక్కలు

చేతిలో ఉన్నది కొంచెమే అయినప్పుడు మంచి వస్తువు ఒకటి కొని ఒకరికి ఇవ్వాలా, నాసిది రెండు కొని ఇద్దరికి ఇవ్వాలా? పదిహేనేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలలేదు. పలకలు కొన్నప్పుడు వచ్చింది, దుప్పట్లు కొన్నప్పుడు వచ్చింది. అప్పుడు ఎవరూ చనిపోలేదు గనుక జవాబు చెప్పుకోకుండానే గడిపేశాను. వాంగ్మూలం ఇట్లా మొదలుపెట్టడం పద్ధతి కాదని గుమాస్తా అన్నాడు. మున్సిఫ్ గారు రాసుకొమ్మన్నారు.

నా పేరు కమలాబాయి. వయసు నలభై నాలుగు. మద్రాసులో బి.ఏ. చదివాను. భర్త వకీలు, కాలం చేసి తొమ్మిదేళ్లు. మేడ్చల్ స్టేషన్ బాటలో చందాలతో నడిచే చిన్న ప్రసూతి కేంద్రం చూసుకుంటాను. ఈ రోజు 1941 ఫిబ్రవరి 20, గురువారం. నాకు ఉర్దూ వచ్చు. అయినా ఈ సంగతులు తెలుగులోనే చెబుతానని కోరగా అనుమతి ఇచ్చారు. ముద్దాయి సైకిల్ దుకాణం రషీద్‌ను ఎనిమిదేళ్లుగా ఎరుగుదును. చనిపోయిన బాలనర్సమ్మ మా కేంద్రంలో దాయి, అంటే మంత్రసాని. వయసు ముప్పై రెండు, ఇద్దరు పిల్లల తల్లి, భర్త లేడు. ఇంకొక దాయి జంగమ్మ.

ఇద్దరూ కాన్పులకు నడిచే వెళ్లేవారు. గౌడవెల్లికి గంట, రావల్కోల్‌కు గంటన్నర, శామీర్‌పేటకు రెండున్నర గంటలు. కబురు తెచ్చే మనిషి కూడా అంతసేపు నడిచే వస్తాడు. వీళ్లు చేరేసరికి అయ్యేది అయిపోయేది. అందుకని సైకిళ్లు కొనాలనుకున్నాను. బాలనర్సమ్మ స్టేషన్ మైదానంలో రషీద్ అద్దె బండి మీద, చీరను కాసె బిగించి, పది రోజుల్లో నేర్చుకుంది. గూడ్సు షెడ్డు దగ్గర కూర్చున్న ఒకడు, "ఓరి, మంత్రసాని రైలు నడుపుతాంది సూడుండ్రి!" అని అరిచాడు. "నవ్వురా నవ్వు. రేపు నీ పెండ్లాంకు నొప్పులొస్తే బిడ్డను గట్లనే ఆగుమని జెప్పు, నేను నడిసొస్త" అని ఆమె బండి దిగకుండానే జవాబిచ్చింది. జంగమ్మ రెండుసార్లు పడి, ఇక నేర్చుకోనంది. సొంత బండి ఉంటే నేర్చుకుంటుందిలే అనుకున్నాను.

రషీద్ బండి ఎట్లా తయారవుతుందో చెప్పకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. అతడు విడి సామాను తెప్పించి తన చేత్తో బిగిస్తాడు. బిగించాక వెనక రెండు జొన్న బస్తాలు కట్టి, రావల్కోల్ రాళ్లబాట మీద మూడు రోజులు తానే తొక్కుతాడు. తరువాత మళ్లీ అంతా విప్పి చూస్తాడు. మనసుకు నచ్చితే ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కు తల మీద, పంచి అనే మొనదేలిన ఉక్కు ఉలిని ఆనించి, సుత్తితో మూడు చుక్కలు కొడతాడు. ఈ చుట్టుపక్కల జనానికి కంపెనీల పేర్లు తెలియవు. అరువడిగి తీసుకుపోయేవాడు కూడా వంగి చుక్కలు చూసుకునే ఎక్కుతాడు.

అక్టోబరు మొదటి వారంలో రషీద్‌ను రెండు బండ్లు అడిగాను.

"లడాయి మొదలైన కాడికెల్లి సామాను వస్తలేదమ్మా. ఒక్కటైతే రెండు నెలల్ల జేసిస్త. రెండోది ఎండకాలంల."

"అంతదాకా కాన్పులు ఆగుతాయా రషీద్?"

"కాన్పులు ఆగయి. బండి గూడ నడిమిట్ల ఆగొద్దు గదమ్మా."

నేను ఆగలేదు. అక్టోబరు 21, సోమవారం ఉదయం రైలులో సికింద్రాబాద్ వెళ్లాను. అక్కడి పెద్ద స్టోరులో, గొడుగులూ బొమ్మలూ బిస్కెట్ డబ్బాలూ అమ్మే హాలులోనే, ఒక వరుసగా నీలిరంగు సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. తయారీదారు పేరు లేదు. రషీద్ ఒక్క బండి వెలకు అవి రెండు వచ్చాయి. అమ్మే మనిషి, "ఇంట్లో పిల్లలకా అండీ?" అని అడిగాడు. ఏదో అన్నాను, ఏమన్నానో జ్ఞాపకం లేదు. ఏ బాట మీద, ఎన్ని మైళ్లు అని అతడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

బాలనర్సమ్మ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసింది.

"సుక్కలేవి అమ్మా?"

"ఇది రషీద్ చేసింది కాదు. పట్నం నుంచి తెచ్చాను."

"పట్నపోల్లు రావల్కోల్ బాట సూసిండ్రా? నేనెక్క. ఇద్దరు పిల్లలు గల్లదాన్ని."

బండ్లు రెండూ గోడకు ఆనించి ఉండిపోయాయి. నవంబరు 2న ఆమె రావల్కోల్‌కు నడిచి వెళ్లింది. అక్కడ బిడ్డ దక్కలేదు. ఇంకొక అరగంట ముందు చేరితే దక్కేదని తిరిగి వచ్చి చెప్పింది. నన్ను తప్పుపట్టలేదు. తప్పుపట్టలేదని రాసుకోవలసిందిగా కోరుతున్నాను.

నవంబరు 4, సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ఒక బండిని రషీద్ దుకాణానికి తీసుకువెళ్లాను. దుకాణంలో మూడో మనిషి లేడు. అతడు చూసి నవ్వాడు. "గిది పెండ్లిపిల్ల లెక్క ముస్తాబైందమ్మా, కాపురం జేస్తదో లేదో సూద్దాం" అన్నాడు. ముందుచక్రం తీశాడు. ఫోర్కు ఊడదీసి దారంతో వేలాడగట్టి చిన్న సుత్తితో తట్టాడు. పక్కనే తన ఫోర్కు ఒకటి కట్టి దాన్నీ తట్టాడు. అతనిది గంటలా మోగింది. నాది పెంకు మీద కొట్టినట్టు ఉంది.

"ఇన్నరా? గిది మోగుతలేదు. అతుకుల కరగబోసిన ఇత్తడి లోపలిదాంక దిగలే."

"ఎన్నాళ్లు వస్తుంది?"

"నెల రావచ్చు, పదేండ్లు రావచ్చు. లోపలిది అల్లాకెరుక. బొంబాయికి రాస్త, మంచి ఫోర్కు నెలన్నరల వస్తది."

"అది వచ్చాక మారుద్దాం. ఇప్పుడు చుక్కలు వెయ్యి. చుక్కలు లేనిదే ఆమె ఎక్కదు."

"అట్ల ఎయ్యనమ్మా. సున్నం గొట్టినంక గోడ గడ్తరా?"

మూడుసార్లు వద్దన్నాడు. చివరికి వేశాడు. మూడు దెబ్బలు. బండి నా చేతికిస్తూ, "శామీర్‌పేట చెరువు అలుగు కాడ దారి కిందికి పడ్తది. ఆడ దిగి నడవమనుండ్రి. మరువకుండ్రి" అన్నాడు. బొంబాయికి ఆ రోజే ఉత్తరం రాశాడు. టపాలో వేసింది నేనే.

బాలనర్సమ్మ చుక్కలను వేలితో తడిమి చూసి ఎక్కింది. అలుగు దగ్గర దిగి నడవమని చెప్పాను. "సుక్క పెట్టిచ్చినంక నడిసుడేంది అమ్మా?" అంది. చెప్పినట్టు చెయ్యమన్నాను. "సరే తియ్యుండ్రి" అంది. కారణం చెప్పారా అని మున్సిఫ్ గారు అడుగుతున్నారు. చెప్పలేదు. చెబితే మళ్లీ ఎక్కదని భయపడ్డాను.

ఆ తరువాత ముప్పై అయిదు రోజుల్లో ఆమె పదకొండు కాన్పులకు వేళకు చేరింది. పదకొండు మంది బిడ్డలూ బతికే ఉన్నారు. ఈ మాట కేసుకు పనికిరాదని సర్కారు వకీలు అన్నాడు. అయినా రాయవలసిందిగా కోరుతున్నాను. పదకొండు మంది.

డిసెంబరు 9, సోమవారం ఉదయం ఆరు గంటలకు శామీర్‌పేట నుంచి మైసయ్య వచ్చాడు. చేపలు పట్టే మనిషి. భార్య సాలమ్మకు నొప్పులు మొదలై చాలాసేపైందని, కోడి కూయకముందే బయలుదేరి వచ్చానని చెప్పాడు. బాలనర్సమ్మ ఆరూ ఇరవైకి బయలుదేరింది. అలుగు సంగతి ఆ రోజు నేను మళ్లీ చెప్పలేదు. ఆమె దిగిందో లేదో చూసినవారు లేరు. వలలు ఆరబెట్టుకునేవాళ్లు ఏడూ ముప్పావుకు ఆమెను వాలు మధ్యలో చూశారు. ఫోర్కు విరిగింది, తల అలుగు రాయికి తగిలింది. "సాలమ్మకెట్లున్నది?" అని రెండుసార్లు అడిగిందట. ఎడ్లబండిలో వేసి తీసుకొస్తుండగా, మేడ్చల్ ఇంకా రెండు మైళ్లు ఉందనగా, పదకొండూ పదికి ప్రాణం పోయింది. సంచిలో కత్తెర, దారం, సబ్బు, క్రిములను చంపే తెల్లమందు సీసా ఉన్నాయి. సీసా పగలలేదు. అంత పడినా సీసా పగలలేదు.

సాలమ్మ ఆరున్నరకే ప్రసవించింది. అత్త చేతుల మీద. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. అంటే బాలనర్సమ్మ మేడ్చల్ దాటుతూ ఉండగానే ఆమె వెళ్లవలసిన పని తీరిపోయింది.

బొంబాయి ఫోర్కు డిసెంబరు 19న వచ్చింది.

పోలీసు అమీన్ సాబ్ ఆ నెల 11న మొదట నన్ను విచారించారు. బండి నేనే కొన్నానని, చుక్కలు రషీద్ వేశాడని చెప్పాను. అడిగిందానికి మాత్రమే జవాబిచ్చాను. రషీద్‌ను అడిగితే, "సుక్క నాదే, తప్పు నాదే" అన్నాడట. నా పేరు ఎత్తలేదు. పూచీ తీసుకుని జమానత్ మీద వదిలారు.

జనవరి 26, ఆదివారం మధ్యాహ్నం అతని తమ్ముడు ఫరీద్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మీరు అబద్ధమాడుండ్రి అంటలేను. గా ఫోర్కు కొట్టి ఇనిపిచ్చిన ముచ్చట ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి. తెల్వక ఏసిండంటె జుర్మానాతోని పోతది. తెలిసి ఏసిండంటె జైలే. మీకు పున్నెముంటది."

ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచించాను. విడిచిపెడదామనే అనుకున్నాను. కాని ఫిబ్రవరి 6న స్టోరు మనిషి ఇక్కడ నిలబడి, తమ సరుకు నికార్సయినదని, ఊరి మేస్త్రీ ఊడదీసి సుత్తితో కొట్టి, పైన పంచి దింపడం వల్లనే ఫోర్కు చీలిందని చెప్పాడు. ఆ మూడు దెబ్బలే ఆమెను చంపాయన్నాడు. నేను విరిగిన ఫోర్కు అమీన్ గదిలో చేతిలో పట్టుకుని చూశాను. విరిగింది చుక్కల దగ్గర కాదు, వేలెడు కింద, అతుకులో. విరిగిన చోట సగం తళతళలాడుతోంది. మిగతా సగం లోపల నల్లగా తుప్పు ఉంది. అది ఆ రోజు విరిగిన సగం కాదు. అది మొదటి నుంచీ అతకని సగం.

ఇది చెప్పాలంటే రషీద్ ముందే తట్టి చూశాడని చెప్పాలి. చూశాడంటే తెలిసి వేశాడని తేలుతుంది. చెప్పకపోతే విరగ్గొట్టినవాడవుతాడు. ఏ వైపు నడిచినా అతనికి శిక్ష ఉంది. 8వ తేదీన అతన్నే అడిగాను. దుకాణం మూసి ఉంది. మెట్ల మీద కూర్చున్నాడు.

"చెప్పుండ్రి అమ్మా" అన్నాడు. "తెలిసి ఏసిన, గది నిజం. గని రషీద్ ఫోర్కు ఇరగ్గొట్టిండు అంటె మాత్రం పడ. గా మాట పడి బయట ఉండుడు కంటె లోపల ఉండుడే నయం."

"దుకాణం తెరవరాదూ?"

"ఎవరొస్తరు? గౌడవెల్లిల సుక్కల్ని ఆకురాయి పెట్టి రాకుతున్నరట."

అది నిజమే, నేను విచారించాను. నాలుగు బండ్ల మీద చుక్కలు గీకేశారు. ఆ నాలుగూ రషీద్ స్వయంగా బిగించినవి. ఆరేళ్లుగా, ఏడేళ్లుగా తిరుగుతున్నవి. వాటికి ఏ లోపమూ లేదు.

అందువల్ల చెబుతున్నాను. ఫోర్కు కొన్ననాటికే చెడ్డది. రషీద్ దాన్ని చెడగొట్టలేదు. చెడ్డదని నాకు చెప్పాడు. నేను విని, వెయ్యమన్నాను. ఆ నేరంలో నన్నూ చేర్చమని అర్జీ పెట్టాను. వెయ్యమనడం నేరం కాదని, వేసినవాడిదే నేరమని సర్కారు వకీలు జవాబిచ్చాడు.

మూడుసార్లు వద్దన్నవాడు నాలుగోసారి ఎందుకు ఒప్పుకున్నాడని మున్సిఫ్ గారు అడుగుతున్నారు. భయపెట్టారా? లేదు. ఆశపెట్టారా? లేదు. మరి ఏమన్నారు?

మూడోసారి వద్దన్నాక అతడు ఫోర్కును మళ్లీ బండికి బిగించసాగాడు. అప్పుడు నేను, "జహేదా ఎట్లా ఉంది రషీద్? పిల్లవాడు పాలు తాగుతున్నాడా?" అని అడిగాను. జహేదా అతని భార్య. సెప్టెంబరులో ఆమెకు బిడ్డ అడ్డం తిరిగితే, రెండు రోజులు పక్కన కూర్చుని, తల్లినీ బిడ్డనూ దక్కించింది బాలనర్సమ్మ. అతడు నా ముఖం వైపు చూశాడు. పంచి అందుకున్నాడు.

ఆ మాటను ఎందుకన్నానో చెప్పమంటున్నారు. మా కేంద్రంలో పుట్టిన ప్రతి బిడ్డ గురించీ నేను అడుగుతాను. బజారులో ఎదురైనా అడుగుతాను. అది నా అలవాటు. అలవాటుగానే అడిగానంటే నమ్మాలని ఉంది. కాని నోరు తెరిచేముందు ఒక క్షణం ఆగాను. ఆ క్షణంలో నా మనసులో ఏముందో రెండు నెలలుగా వెదుకుతున్నాను. కుశలం అడిగానా, బాకీ అడిగానా? బాకీయేనా, అవుననో కాదనో చెప్పమని మున్సిఫ్ గారు రెండుసార్లు అన్నారు. ప్రమాణం చేసి ఉన్నాను గనుక ఊహించి చెప్పలేను. నాకు తెలియదు. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. తేదీలు, వేళలు, అన్న మాటలు జరిగినవి జరిగినట్టే ఉన్నాయని, ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పానని ఒప్పుకుంటున్నాను. చివరి ప్రశ్నకు జవాబు రాయవలసిన చోట గుమాస్తా "కాదు" అని రాశాడు. దాన్ని కొట్టివేయించి, "తెలియదు" అని మార్పించి, పక్కన నా పొడి అక్షరాలు వేసి, కింద సంతకం చేస్తున్నాను.

సంతకం: కమలాబాయి
మేడ్చల్, 20-2-1941