ధన్వంతరి ముందు పెట్టిన గ్లాసు

మొన్న మంగళవారం, జనవరి పదో తారీఖు, పొద్దున పదకొండుంపావు. అప్పుడు పక్క ఫ్లాట్ నుంచి నువ్వొచ్చి మా తలుపు కొట్టకపోతే ఇంత జరిగేదే కాదు కదా, లిన్.

ఆ ఫోను తియ్యకు. బల్ల మీద పెట్టెయ్. నీ చీనా మాటలు, నా తెలుగు మాటలు అది మార్చి మార్చి చెబుతుందని నాకు తెలుసు. ఇవాళ వద్దు. నీకు తెలుగు రాదు కాబట్టే నీ దగ్గరికొచ్చాను. కూర్చో.

మా అత్తగారు, బాలత్రిపురసుందరిగారు, కాకినాడ నుంచి వచ్చి నెలయింది. ఈ ఎడారి ఊరు రువైస్‌లో చలిగాలికి ఫ్లూ పట్టుకుంది. మూడు రోజులు జ్వరం. "నా బీపీ మాత్ర తప్ప ఇంకో మాత్ర మింగను సుభద్రా" అని దుప్పటి ముసుగేసుకున్నారు. ఏం చెయ్యను?

నువ్వేమో ఆరు పొట్లాలు తెచ్చావు. మీ అమ్మ పంపే మందు, ఫ్లూ రాకుండా మీరూ తాగుతారట, వస్తే తగ్గడానికీ తాగుతారట. వేణ్ణీళ్ళలో కలపమన్నావు. ఆ ఫోనులోనే రాసి చూపించావు కూడా, బీపీ ఉన్నవాళ్ళకి ఇవ్వద్దు, ముందు డాక్టర్ని అడుగు అని. నేను చదివాను. చదివి, సరే సరే అని తలూపాను. ఇస్తావో ఇవ్వవో అని.

చీనా మందంటే ఆవిడ తాగుతారా? అందుకని ఏం చేశానో తెలుసా... ఆ పొడి వేణ్ణీళ్ళలో కలిపి, రెండు తులసాకులు వేసి, గ్లాసు తీసుకెళ్ళి ధన్వంతరి స్వామి పటం ముందు పెట్టాను. హారతి కూడా ఇచ్చాను. "స్వామి తీర్థం అత్తయ్యా, మిగల్చకూడదు" అన్నాను. లేచి కూర్చుని, కళ్ళకద్దుకుని, చుక్క మిగల్చకుండా తాగారు.

"ఏం వేశావే, తియ్యగా, చేదుగా ఉంది?"

"అతిమధురం, మిరియాలు" అన్నాను. క్షణం కూడా తడుముకోలేదు.

"ఇంటి పుస్తకంలో రాసిపెట్టు, పిల్లలకి పనికొస్తుంది" అన్నారు. మా ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు చేసిందో, ఏ మందుకి తగ్గిందో ఇరవై రెండేళ్ళుగా నేనే రాస్తున్నాను. అదీ రాశాను. నా పేరే వేసుకున్నాను. నీ పేరు లేదు.

మూడు గ్లాసులు. బుధవారం మధ్యాహ్నానికి గుండె దడదడలాడుతోందన్నారు. మా ఆయన మురళీ డ్యూటీ వదిలేసి వచ్చాడు, క్లినిక్‌కి పరిగెత్తాం. బీపీ నూట తొంభై.

"ఇంకేమైనా ఇచ్చారా? నాటు మందు, కషాయం?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. హైదరాబాదావిడ, తెలుగులోనే అడిగింది. నేను నోరు విప్పేలోపు అత్తగారే అన్నారు, "నా కోడలు చేతి తీర్థం తప్ప నోట్లో ఏమీ పొయ్యలేదమ్మా" అని. ఎంత గర్వంగా అన్నారో.

నేను తలొంచుకుని నా చెప్పులు చూసుకున్నాను.

డాక్టరమ్మ బీపీ మాత్ర రెట్టింపు చేసింది. ఇంటికొచ్చి ఆ మాత్ర చేతిలో పెట్టుకున్నాక ఇక దాచలేకపోయాను. వంటింట్లోకి పిలిచి మురళీకి చెప్పేశాను. తిట్టలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఆ పొడి ఆపేయండి, మాత్ర పాత మోతాదే వెయ్యండి, రేపు మళ్ళీ తీసుకురండి అందిట. నాతో మాత్రం ఒక్క మాటన్నాడు. "అమ్మకి చెప్పకు. చెబితే నీ చేతి తీర్థం ఇక ముట్టదు."

తిట్టినా బాగుండేది.

ఇదిగో, మిగిలిన మూడు పొట్లాలు. నీ మందు తప్పు లేదు, లిన్. ఇంకోటి కూడా ఉంది. కరోనా మొదట్లో మీ ఆయనా నువ్వూ లిఫ్ట్ ఎక్కితే, మా పిల్లల్ని చెయ్యి పట్టి బయటికి లాగిందాన్ని నేనే. నీకు గుర్తుందేమో. గుర్తుండే వచ్చావేమో తలుపు కొట్టడానికి.

ఈ పొద్దున అత్తగారికి జ్వరం లేదు, ఇంట్లో మిషన్ పెట్టి చూస్తే బీపీ నూట యాభైకి దిగింది. స్నానం చేసి, పటం ముందు కూర్చుని గ్లాసు కోసం చెయ్యి చాపారు. ఉత్త తులసినీళ్ళు పోశాను. ఒక గుక్క తాగి, "ఇవాళ తీర్థం చప్పగా ఉందేమే, స్వామికి నా మీద కోపమా?" అన్నారు.

మురళీ నా మొహం చూశాడు. తనూ చెయ్యి చాపాడు. తనకీ పోసి, నేనూ పోసుకున్నాను. ముగ్గురం ఆ చప్పటి నీళ్ళు తాగి, క్లినిక్‌కి బయల్దేరాం.