పడవకి కట్టిన చేప

అధ్యక్షులు కాశీవిశ్వనాథం గారికి, పదకొండేళ్ళు నా నోటిని భరించిన సహోద్యోగులకు, నా ఈ వీడ్కోలు సన్మానానికి పని మానుకుని వచ్చిన ఓడలరేవు పెద్దలకు నమస్కారం. పని మానుకుని అన్నాను, పొరపాటు. ఆ పని మాన్పించింది మేమే.

ఇందాకటి వక్తలు నన్ను మత్స్యకారుల పక్షాన నిలిచిన మనిషి అన్నారు. వింటూ కూర్చోవడం కష్టమైంది. చేపలు ఏ దారిన తిరుగుతాయో తెలుసుకుందామని పండుగప్ప చేపల పొట్టలో గోరంత బిళ్ళలు పెట్టి వదిలాం. నీళ్ళలో అవి చేసే చప్పుడును వైనతేయ నది సముద్రంలో కలిసే మొగలో దించిన పరికరాలు పట్టుకునేవి. చాలా చేపలు జాడ లేకుండా పోయాయి గానీ, ఒక్కటి మాత్రం రోజూ తెల్లారి మొగ దాటి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. మా ఆఫీసులో ఎవరికీ అంత వేళాపాళా లేదు. (నవ్వులు) మూడు రోజులు అది కదలకపోతే దానికీ ఒక సిద్ధాంతం రాశాను. దాని దారి కాపాడాలని నివేదిక పంపాను.

నెల తర్వాత ఓడలరేవు జాలరి ముత్యాలరాజు పడవ ఎక్కితే, అంచు నుంచి నీళ్ళలోకి దిగిన తాడు చివర నా బిళ్ళ! ఆ మూడు రోజులూ పడవకి తారు పూస్తున్నారట.

"ఇదేంటయ్యా?" అంటే, వాళ్ళమ్మ వీరాయమ్మ గారు ఒడ్డు నుంచే అందుకున్నారు:

"మీరే కదండీ, చేప దొరికితే బిళ్ళని నీళ్ళలోకే పంపమన్నారు? చేపని అమ్మేసేమండి, ఇల్లు గడవాలి కదండీ. బిళ్ళ కొట్టుకుపోతే మీకు మాటొస్తదని కట్టేమండి, ఆయ్."

ఆ వారమే, నా నివేదికను నమ్మి, మొగలో వల వేయకూడదని ఉత్తర్వు వచ్చింది. ఏడాదైంది. మొగ అడుగున పరికరాలు దించడానికి తీరిక ఉన్న మనకు, రేవులో ఒక్క ప్రశ్న అడగడానికి లేదు! కనబడ్డ ప్రతి అధికారినీ వేదికలెక్కి కడిగేసిన నేను, నా పేరు పోతుందని నోరు మూసుకున్నాను.

(మూడో వరుస నుంచి: "పోనీలెండి సారూ!")

పోనీలెండి అనకండి వీరాయమ్మ గారూ. తిట్టండి, తేలిక పడతాను.

నివేదిక తప్పని, మొగ తెరవమని రాసిన ఉత్తరం పొద్దున్నే అధ్యక్షుల చేతికిచ్చాను. సభ అయ్యాక చూద్దామని జేబులో పెట్టుకున్నారు. అయ్యా, ఇప్పుడే, అందరూ వినేలా చదవండి. విన్నాక కూడా ఆ శాలువా నాకు కప్పాలనిపిస్తే కప్పండి.

నా మాటను నాకన్నా నమ్మకంగా నిలబెట్టిన ఆ తల్లీకొడుకులకు కృతజ్ఞతలు. కూర్చుంటున్నాను, ఉత్తరం వినడానికి. సెలవు.