మేక ఈనిన మిట్ట

సభాధ్యక్షులు తిమ్మప్పగారికి, ధర్మపురి తెలుగు సంఘం పెద్దలకు, ఈ ఎండలో రెండేసి బస్సులు మారి వచ్చిన నా పాత విద్యార్థులకు నమస్కారం.

ముప్పైయేళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు ‘తెలుగు పరిరక్షకుడు’ అని బిరుదిచ్చారు. ఆ సన్మానపత్రం చదవడానికి ఈ సభలో సగం మందికి తెలుగు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చిన సగం మందీ ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడరు. (నవ్వులు) నవ్వండి, మీ సంగతే చెబుతున్నాను.

నాలుగేళ్ల కిందట, ఉత్తర ధ్రువం దాపున రెయిన్‌డీర్ మందల వెంట తిరిగే సామీ జనం తమ గురించి తామే రాసుకున్న తొలి పుస్తకాల మీద ఇదే హాల్లో మాట్లాడితే, “ఏ సామి సార్? మునీశ్వర సామియా?” అని అడిగిన మహానుభావుడు ఈ వేదిక మీదే ఉన్నారు. తిమ్మప్పగారూ, కాసిని నీళ్లు తాగండి.

బయటి నుంచి వచ్చిన అధికారులకు ఖాళీగా కనిపించిన ఆ మంచునేలలో ప్రతి వాగుకూ, ప్రతి మిట్టకూ వాళ్లు పేరు పెట్టుకున్నారని క్లాసులో చెప్పినప్పుడు, కొండ మీది పిక్కిలి ఊరి నుంచి వచ్చే కణ్ణగి లేచి, “మా అవ్వకీ ఉండాయి సార్, మేకలు తోలే దావంతా పేర్లే” అంది. రాసుకు రమ్మన్నాను. తెలుగు మాటలు, తమిళ అక్షరాలు, నాలుగు పేజీలు. సంఘం సంచికకు పంపితే, “ఇది తెలుగా?” అని తిమ్మప్పగారు తిప్పి పంపారు.

అప్పుడు నేను పోట్లాడానా? లేదు. కూర్చుని తెలుగు లిపిలోకి మార్చి దిద్దాను. అవ్వ చెప్పిన ‘మేక ఈనిన మిట్ట’ను ‘మాతృగిరి’ చేశాను. అచ్చయింది, బహుమతి వచ్చింది, సభలో నేనే చదివి వినిపిస్తే తిమ్మప్పగారు చప్పట్లు కొట్టారు. ఆయన అజ్ఞానానికి నా పాండిత్యం ఊడిగం చేసింది.

వారం తర్వాత కణ్ణగి ఆ సంచిక తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“మీరు చదివినట్టే అవ్వకి చెప్పినాను సార్. ‘ఈ కొండ ఏడుండాది పాపా?’ అని అడిగింది.”

ఆమె రాసిన కాగితాలు నేను అప్పటికే చించి పారేశాను. మరుసటి ఏడు అవ్వ పోయింది.

పోయిన నెల పిక్కిలి వెళ్లాను. కణ్ణగి ఇప్పుడు అవ్వ మేకల్నే మేపుతోంది. క్షమించమని అడిగాను. ఆ పేర్లయినా చెప్పమని నోటుబుక్కు తీస్తే నవ్వింది.

“అది ఇంట్లో పెట్టేసి రాండి సార్. మేకల వెంబడి నడవండి, చెప్తాను. కాలు నొస్తేనే పేరు నిలుస్తాది.”

బిరుదు మీరే ఉంచుకోండి. శాలువా తీసుకుంటాను, కొండ మీద చలి. (నవ్వులు) రేపు పొద్దున్నే పిక్కిలి పోవడానికి పెన్నాగరం బస్సు ఎక్కాలి. పిలిచినందుకు, ఇంతసేపు నన్ను భరించినందుకు కృతజ్ఞతలు. సెలవు.