సీలింగు ఫ్యానుకి పసుపు

ఏటే మంజూ, ఆ డబ్బాలోంచి తీత్తన్నావు? మట్టి గీకే బ్లేడా? ఇదేటి, మట్టి కోసే తీగా? తడి మట్టిముద్ద కూడా ఇందులోనేనా? ఓలమ్మా, ఇయ్యన్నీ ఆన్‌లైన్లో తెప్పించుకున్నావా! డైరీ ఫార్మ్ ఏరియాలో ఆ కుండల క్లాసోళ్ళు కొనమన్నారా? నవ్వకేటి సెయ్యమంటావే. మా తమ్ముడు లోకనాథం బతికుంటే ఈ డబ్బా సూసి పొట్ట పట్టుకుని దొర్లీవోడు. మీ లోకనాథం తాత కుండలు సేసిన సంగతి నీకెవులూ సెప్పలేదా? అయితే కూకో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతాది, కింద కూకో.

ఆడికి గేలం కట్టడం తెలుసు, వల కుట్టడం తెలుసు. మట్టి ఏనాడూ ముట్టలేదు. ఒక్కతే కూతురు, మీ సాయిలక్ష్మి అత్త. సీకాకులం అవతల నుంచి సంబంధం వొచ్చింది. ఆ అబ్బాయంటే దీనికి పేణం, రోజూ ఫోన్లే. పెళ్ళికొడుకు తల్లి కమలాకుమారి ఉంది సూడూ, ఆవిడ ఫోన్లో ఎలాగ మాటాడీదనుకున్నావు. ‘వదినగారూ, మీ దీవుల్లో స్టీలు బిందెలకి సున్నం కొట్టి పెళ్ళి పందిట్లో పెట్టే ఐరేణి కుండలంటారటండీ. మాకలాగ కుదరదండీ. మట్టి కుండలు, కుమ్మరింటికి బాజాలతో ఎల్లి, సక్రానికి పసుపు రాసి తెచ్చినవి ఉండాలండీ. లేకపోతే నేను పందిట్లో అడుగెట్టనండీ.’ అండీ అండీ అంటూనే పీక నొక్కీసింది. నిజమే, మనకిక్కడ బిందెలే. కుమ్మరిని ఎక్కడి నుంచి తెస్తావు? వైజాగ్ నుంచి షిప్పులో తెప్పించేం. గోనె ఇప్పితే అన్నీ పెంకులు. మళ్ళీ షిప్పు వొచ్చీలోపు ముహూర్తం దాటిపోద్ది. సాయిలక్ష్మి అన్నం మానీసి కూకుంది. అప్పుడు మా తమ్ముడు లేచి, ‘ఎందుకే ఏడుపు? నేను సేత్తాను’ అన్నాడు. ఆడు డొంగీ, అదే సేపల పడవ, నడిపీవోడు, కుండలు సేత్తాడట! మేం నవ్వేం. మర్నాడు నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే నడింట్లో సీలింగు ఫ్యాను లేదు.

రెక్కలు పీకీసి, పాత స్కూటరు టైరులో సిమెంటు పోసి, ఫ్యాను తిరగేసి దాని గొట్టం అందులో దిగేసేడు. పైన గురువమ్మ కంచం బిగించీసేడు. గురువమ్మంటే మా మరదలు, ఆడి పెళ్ళాం. బస్, అదీ సక్రం! రెగ్యులేటరు ఐదు మీద పెట్టేడు. మట్టిముద్ద ఎగిరెల్లి గురువమ్మ మొహానికే తగిలింది. ‘ఒకటి మీద పెట్టుకోయ్ సచ్చినోడా’ అని అది సెప్పింది గాబట్టి గాని, లేకపోతే ఆడికి తట్టేదా. ఇంక సూడు. తుష్నాబాద్ పొలం మట్టి జల్లెడ పట్టడానికి దోమతెర సింపీసేడు. నువ్వు కొన్న తీగకి బదులు గేలం దారం, రెండు కొసలకీ గురువమ్మ రవికె బొత్తాలు. గీతలకి పేనుదువ్వెన. నున్నగా రుద్దడానికి కుక్కరు మూత రబ్బరు. ‘పప్పు ఎలాగ ఉడకబెట్టీది’ అంటే ‘పెళ్ళయ్యాక ఉడకబెట్టు’ అంటాడు. ఆడికి ముందుపళ్ళు కట్టుడివి లే, డొంగీలో పడి ఊడిపోయేయి. ఆ పళ్ళసెట్టు తీసీసి కుండ అంచు సుట్టూ నొక్కీసేడు, డిజైనట. మట్టి ఇరుక్కుని అది మళ్ళీ నోట్లో పట్టలేదు.

కాల్చడానికి? బీరువా! సీరలన్నీ దండెం మీద పడేసి, బీరువా ఎల్లకిలా పెట్టి, లోపల కుండలు, కొబ్బరి పీచు, చిప్పలు కుక్కి అగ్గెట్టీసేడు. మా బ్రూక్షాబాద్ కాలనీ అంతా పొగ. పక్కింటాయన గోడెక్కి ‘భాభీ, అల్మారీ జల్ రహీ హై!’ అని, బీరువా కాలిపోతందని అరుత్తన్నాడు. గురువమ్మ కదల్దే! ‘జల్నే దో భయ్యా, కాలనియ్యి, ఇంట్లో ఇంకేటీ మిగల్లేదు’ అంది. సగం పగిలిపోయేయి. మిగిలినయ్యి, ఏం సెప్పను, ఒకటి అటు ఒరిగితే ఇంకోటి ఇటు. గోడ మందం ఇటికంత. కానీ నిలబడ్డాయే!

పెళ్ళి రోజు పొద్దున్న కమలాకుమారి దిగింది. ‘కుమ్మరిల్లు ఎక్కడండీ, పదండి’ అంది. ఏ ఇంటికని పోతాం? మేళం మన గుమ్మంలో బయల్దేరి, కాలనీ అంతా తిరిగి, మళ్ళీ మన పెరటి గుమ్మంలోంచే లోపలికొచ్చింది. ఆవిడ ఫ్యాను వైపు సూసింది. ‘ఇదేటండీ?’ ‘సక్రమండీ’ అంది గురువమ్మ. పంతులు ఎటో సూత్తన్నాడు. సరే ఆవిడే పసుపు రాసి, బొట్టెట్టి, పువ్వులేసింది. అప్పటిదాకా కరెంటు లేదు. వొచ్చీసింది! ఎవడు ఐదు మీద వొదిలేడో గాని, పసుపూ కుంకమా పువ్వులూ గిర్రున లేచి ఆవిడ పట్టుసీర మీద, మొహం మీద. పెళ్ళి ఇంక ఆగిపోయినట్టే అనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుసుకుని, కుండ వైపు సూసి, ‘ఈ అంచు డిజైను బాగుందండీ, దేంతో ఏసేరు?’ అంది. మా తమ్ముడు బోసినోటికి సెయ్యి అడ్డెట్టుకున్నాడు. హమ్మయ్య, పెళ్ళి నిలబడింది.

కుమ్మరే కుండ సేతికియ్యాలి గదా. ఆడు ఎత్తి ముందుకి పెట్టేడు. ఆవిడ పట్టుకుంది. ఈడు ఒదల్డు. ఆవిడ లాగింది, ఈడూ లాగేడు. ‘ఇవ్వండన్నయ్యగారూ.’ ‘ఇత్తన్నానమ్మా.’ పట్టు మాత్రం సడల్లేదు. మేళమోళ్ళు వాయించి వాయించి ఆగిపోయేరు. ఎవులో కిసుక్కుమన్నారు, నేనూ నవ్వేను. గురువమ్మ దగ్గరికెల్లి ‘ఏటయ్యా, ఒదులు’ అంది. ఆడు మెల్లిగా అన్నాడు, ‘గురువా, ఇదిచ్చీత్తే పెళ్ళయిపోద్ది గదే. పిల్ల ఎల్లిపోద్ది గదే.’ అన్నాళ్ళూ కుండ, కుండ అని ఇల్లంతా పీకీసిన మనిషికి ఆ సంగతి అప్పుడే ఎలిగింది. సాయిలక్ష్మి గుమ్మంలో నిలబడి వింటంది. గురువమ్మే ఆడి ఏళ్ళు ఒక్కోటీ ఇప్పింది. ఏడుత్తూనే ఇప్పింది...

ఏటే, అలా సూత్తావేటి? ఆ మట్టి ఆరిపోతంది, తడిగుడ్డ కప్పు.