అల ఎక్కడుంది బావా?

హలో… ఎవరు, బావా? …నేనే, నీ మరదల్నే, ఇంకెవరు ఎత్తుతారు! సదస్సులో స్టేజీ ఎక్కబోతూ ఫోన్ చేశావంటే, నేను పంపిన లెక్క చూశావన్నమాట.

…తప్పు ప్రోగ్రాంలో లేదు బావా. నీ బుర్రలో ఉంది.

…అరవకు, హాల్లో జనం వింటారు. క్వాంటం కణం తాలూకు అల ఎంత గబగబా ఊగుతుందో నీకు తెలీదూ? ఆ పాఠం చెప్పేగా జీతం తీసుకుంటున్నావు! దాన్ని కాలంలో అంతంత పెద్ద అడుగులేసుకుంటూ లెక్కగడితే ఏం కనిపిస్తుంది? …ఆ, నున్నగానే కనిపిస్తుంది. తిరిగే ఫ్యాన్‌ని వీడియో తీస్తే రెక్కలు ఆగినట్టే ఉంటాయి. వేలు పెడతావా?

…నీ ప్రోగ్రాం వందరెట్లు వేగమా! చూడకుండా దాటేస్తే వేగం రాక ఏమొస్తుంది?

…అబ్బో, సంభావ్యతల మొత్తం ఒకటి వచ్చిందా! కణం ఎక్కడో ఒకచోట ఉందని దానర్థం. నువ్వు చూపించిన చోట ఉందని కాదు. అడుగులు బాగా చిన్నవి చేసి మళ్లీ లెక్కించాను. అల దాదాపు అంతా, కణానికి నువ్వు అడ్డంగా పెట్టిన గోడకి ఇవతలే ఉంది. నీ బొమ్మలో అవతలికి దూకి కూర్చుంది.

…ఏంటీ, నీ శిష్యురాలి పొరపాటా? నోరెలా వచ్చింది బావా! అడుగు తగ్గించమని మొత్తుకున్నది ఆ పిల్లే. 'నాకే నేర్పుతావా' అని పేపర్లోంచి దాని పేరు తీసేశావు… ఎవరు చెబితేనేం? అక్క చెప్పింది. ఆ పిల్ల మీ వంటింట్లో కూర్చుని ఏడ్చిందట.

…ఉపాయమా? ఆ వేగమైన ఊపుని సూత్రంతో విడిగా పక్కకి తీసేసి, మిగిలిన నెమ్మది భాగానికి పెద్ద అడుగులు వేసుకో. …నన్ను పొగడకు. అది ఆ పిల్ల థీసిస్‌లోదే. గైడువి, చదవలేదా?

…పిలుస్తున్నారా? అయితే వెళ్లి, ఫలితం తప్పని ఒక్క ముక్క చెప్పు. ఆ తర్వాత ఆ పిల్లని మాట్లాడనివ్వు.

…పరువా? అది దక్కదని తెలిసేగా నాకు ఫోన్ చేశావు!

…బావా? …హలో? …కట్ చెయ్యలేదే. మైకు గరగరలాడుతోంది… హాలంతా ఏంటి, ఒక్కసారిగా గొణుగుడు?

…ఎవరూ? …నువ్వా తల్లీ! ఫోన్ నీ చేతికిచ్చి వెళ్లాడా? …ఏమన్నాడు? …'తప్పు నాది' అనే అన్నాడా? 'మాది' అనలేదు కదా? …నీ పేరు కూడా చెప్పాడా!

…మరి ఇప్పుడెక్కడున్నాడు? …చివరి వరుసలోనా? పోన్లే, తల దించుకుని కూర్చోవడమైనా చేతనైంది మహానుభావుడికి.

…పిలుస్తుంటే నాకు రాదంటావేంటమ్మా? నీ లెక్కే కదా, నీకు రాకపోవడమేంటి! …ఇంకా నాతో మాట్లాడతావేం? ఫోన్ పెట్టెయ్యి. స్టేజీ ఎక్కు.